ముడి బిగిస్తే రేకు, వదిలితే బట్ట

క్వార్టర్ సీసా మూత మొదటిసారి తిప్పగానే టపటపమని చిన్న చప్పుడు వస్తుంది. మూతకీ దాని కింది రింగుకీ మధ్య ఉన్న సన్నటి రేకు వంతెనలు తెగిన చప్పుడు అది. మూత చేతిలోకి వస్తుంది, రింగు సీసా మెడకే ఉండిపోతుంది. సీలు ఎవరైనా ముందే విప్పారో లేదో తెలియడానికి కంపెనీవాళ్లు చేసుకున్న ఏర్పాటు. ఘనాలో పుట్టిన శిల్పి ఎల్ అనాట్సుయ్ పాతికేళ్లకు పైగా చేస్తున్న పెద్ద పనుల్లో ఎక్కువ భాగం ఈ రెండు ముక్కలతోనే నడిచింది. తెగిన మూత, మిగిలిన రింగు. వాటిని కలపడానికి రాగి తీగ. జిగురు లేదు, వెల్డింగ్ లేదు, వెనక చట్రం కూడా లేదు.

ఆయన వివరాలు క్లుప్తంగా. 1944లో అన్యాకోలో పుట్టారు. కుమాసిలో శిల్పం చదివారు. 1975లో నైజీరియా వెళ్లి ఎన్సుకాలోని యూనివర్సిటీలో చేరి, 2011 దాకా అక్కడే పాఠాలు చెప్పారు. మూతల కంటే ముందు సంతల్లో సరుకు పెట్టి అమ్మే గుండ్రటి చెక్క పళ్లేల మీద కాల్చిన ఇనుప కడ్డీలతో గుర్తులు వేశారు, పగిలిన కుండలతో చేశారు, మోటారు రంపంతో చెక్కలు కోశారు. కర్రపెండలం తురిమే పాత తురుము రేకులు, పాల డబ్బాల మూతలు కూడా వాడారు. 1998లో ఎన్సుకా దగ్గర ఎవరో పారేసిన సంచి ఒకటి ఆయన కంటబడింది. దాని నిండా మద్యం సీసాల మూతలు. వాటితో ఏం చెయ్యాలో తేలడానికి కొంతకాలం పట్టింది. తేలాక పుట్టిన మొదటి పనుల్లో రెండు, 'మ్యాన్స్ క్లాత్', 'ఉమన్స్ క్లాత్', ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 2007లో వెనిస్ బినాలేలో, అంటే రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో, పలాజో ఫోర్చూనీ అనే పాత భవనం ముఖం మీద ఆయన పరదా వేలాడింది. 2015లో అదే బినాలే జీవితకాల కృషికి గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చింది.

ఇక అసలు సంగతి. ఈయన పని మీద మన దగ్గర వచ్చే రాతల్లో 'చెత్త నుంచి కళ' అన్న మాట తప్పకుండా ఉంటుంది. మూతలు ఎవరైనా పోగేస్తారు. బడిపిల్లలు అట్ట మీద ఫెవికాల్‌తో అంటించి నెమలి బొమ్మ చేస్తారు. అది అట్టే అవుతుంది, బట్ట అవదు. అనాట్సుయ్ పనిలో విశేషం మూతలో లేదు, రెండు మూతల మధ్య ముడిలో ఉంది. ఆ ముడి కాస్త వదులు. ఆ వదులు వల్ల రేకు ముక్కలు కలిసి ముడుచుకుంటాయి, జారతాయి, కుచ్చిళ్లు పడతాయి. తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. నట్టూ బోల్టూ గేరు పళ్లూ వెల్డింగ్‌తో అతికి ఒక్క గట్టి ముద్ద అవుతాయి. అది మరో విద్య, అందులో కదలిక ఉంటే లోపం. ఇక్కడ కదలిక లేకపోతే లోపం.

ఇలాంటి ముక్క మనమూ చెయ్యాలంటే మూత గురించి ముందు తెలియాలి. మన క్వార్టర్, హాఫ్ గాజు సీసాలకు వచ్చే అల్యూమినియం మూత ఎక్కువగా 28 మిల్లీమీటర్ల వ్యాసం, 18 మిల్లీమీటర్ల ఎత్తు. రేకు మందం 0.2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మూత బరువు ఒక గ్రాము పైన కొంచెం. ఇంత పల్చగా, ఇంత మెత్తగా ఉండబట్టే కత్తెరతో తెగుతుంది, వేలితో వంగుతుంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు: బీరు, కూల్‌డ్రింక్ సీసాల అంచు గీతల మూతలు పోగేసుకొస్తారు. అవి ఉక్కు రేకు. కత్తెరకు లొంగవు, చిల్లు పెట్టిన చోట పూత లేచి రెండు వానాకాలాల్లో తుప్పు పడతాయి, అంచు ముడతల వల్ల చదునవవు. అయస్కాంతం దగ్గర పెట్టండి, అంటుకుంటే పక్కన పడెయ్యండి. దగ్గు మందు సీసాల అల్యూమినియం మూతలు పనికొస్తాయి, అవి చిన్నవి. వెండి, తెలుపు రంగు కావాలంటే వాటి కోసం చూడొచ్చు. ప్లాస్టిక్ మూతల సంగతి చెప్పక్కర్లేదు.

ఒక మూత నుంచి ఆయన ఎన్ని రకాల ముక్కలు తీస్తారో చూడాలి. మూత పైభాగం కత్తిరిస్తే గుండ్రటి బిళ్ల. చుట్టూ గోడను ఒకచోట తెంపి విప్పితే పట్టీ. సీసా మెడకున్న రింగు ఉన్నదున్నట్టు వాడితే గుండ్రటి కడియం. పట్టీని నిలువునా మడిస్తే సన్నటి కమ్మీ. మూత మొత్తాన్ని నొక్కి నలిపేస్తే చిన్న బొడిపె. ఈ ఐదింటికీ ఐదు గుణాలు. పట్టీలతో కట్టింది నిండుగా, బరువుగా, పట్టుచీరలా పరుచుకుంటుంది. బిళ్లలతో కట్టింది చేప పొలుసులా మెరుస్తుంది, మధ్యమధ్య సందుల్లోంచి గోడ కనిపిస్తుంది. రింగులతో కట్టింది వలలాంటిది, వెనక ఏముందో అంతా తెలుస్తుంది. 2010లో చేసిన 'గ్లి' అనే పనిలో ఈ వలగుణమే ప్రధానం. ఆయన మాతృభాష ఎవేలో గ్లి అంటే గోడ. గోడ అని పేరు పెట్టి, అవతలివైపు కనిపించే పరదాలు కట్టి వేలాడదీశారు. పేరు చదివి, పని చూసి, మళ్లీ పేరు చదివితే నవ్వొస్తుంది.

పట్టీ తీసే పని చేతిమీద ఎలా ఉంటుందో చెప్తాను. మూత లోపల సీలు కోసం తెల్లటి నురుగు బిళ్ల ఉంటుంది, సూదిమొనతో లేపితే వచ్చేస్తుంది. దాని కింద మద్యం తడి ఉండిపోయి జిగటగా ఉంటుంది, అందుకే ముందే సబ్బునీళ్లలో ఒక రాత్రి నానబెట్టి ఎండబెట్టాలి. లేకపోతే పని మధ్యలో చీమలు పడతాయి, పూర్తయ్యాక కూడా వాసన పోదు. తర్వాత వంపు మొన ఉన్న చిన్న కత్తెరతో పైబిళ్లను అంచు వెంబడి కోసెయ్యాలి. గోడకు పట్టు కోసం సన్నటి గీతలు, కింద మరలు నొక్కిన గుర్తులు ఉంటాయి. ఒక్క కోత నిలువుగా వేసి విప్పితే సుమారు 85 మిల్లీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ వస్తుంది. ఇది చురకత్తి. చేతికి బట్ట గ్లవుజులు చాలవు, తోలువి కావాలి. కోసేటప్పుడు సన్నటి పీచులు రాలతాయి, అవి కాలికి గుచ్చుకుంటాయి. చాప మీద కాదు, పాత దుప్పటి పరిచి కూర్చుని, పని కాగానే దుప్పటి ఎత్తి దులిపెయ్యాలి.

చదును చెయ్యడంలో చిన్న కిటుకు ఉంది. ఇనుప దాగలి మీద పెట్టి ఇనుప సుత్తితో కొడితే పట్టీ చదునవదు, సాగుతుంది. సాగిన చోట అప్పడంలా ఉబ్బి వంకర తిరుగుతుంది, ఇక ఎంత కొట్టినా దారికి రాదు. మెత్తటి చెక్క మీద పెట్టి, చెక్క సుత్తితోనో రబ్బరు సుత్తితోనో మూడు నాలుగు దెబ్బలు చాలు. మరల గుర్తులు పూర్తిగా పోవు, పోనవసరం లేదు. ఆ గరుకే వెలుగును ముక్కలు చేస్తుంది. పూర్తిగా నున్నగా చేసిన పట్టీలతో కట్టిన ముక్క దూరం నుంచి బిస్కెట్ డబ్బా రేకులా కనిపిస్తుంది.

చిల్లులు. పట్టీకి పై అంచున మూడు, కింది అంచున మూడు, చివరలకు ఒక్కొక్కటి, మొత్తం ఎనిమిది. అంచు నుంచి రెండు రెండున్నర మిల్లీమీటర్లు లోపలికి. అంతకంటే అంచుకు జరిగితే తీగ లాగినప్పుడు రేకు చినిగిపోతుంది. ఎక్కువ లోపలికి పెడితే పట్టీ తిరగడానికి పక్క పట్టీ అడ్డమొచ్చి బట్ట గుణం పోతుంది. అరంగుళం మేకును మొన గుండ్రంగా అరగదీసి, చెక్క మీద పెట్టి, రంగు వైపు నుంచి వెనక్కి కొట్టాలి. అప్పుడు చిల్లు చుట్టూ లేచే పదును వెనక వైపుకి పోతుంది. ఆ పదును మీద ఒక చిన్న దెబ్బ వేసి అణచడం మాత్రం మర్చిపోవద్దు. మర్చిపోతే, గాలికి కదిలినప్పుడల్లా అది తీగను కోస్తుంటుంది, కొన్ని నెలల తర్వాత ఒక్కో ముడీ ఊడిపోవడం మొదలవుతుంది. ఊడిన ముడి దగ్గర వెతికితే తీగ తెగిన చోట ఎప్పుడూ చిల్లు అంచే కనిపిస్తుంది.

ఇక తీగ. మోటారు వైండింగ్ షాపుల్లో ఎనామెల్ పూత ఉన్న రాగి తీగ గేజి చెప్తే తూకం వేసి ఇస్తారు. 26 గేజి అంటే సుమారు 0.46 మిల్లీమీటర్లు, చిన్న పనులకు ఇదే సరైనది. 24 గేజి 0.56, మెలి తిప్పడం వేళ్లకు కష్టం, కానీ బరువు మోసే పై వరసలకు కావాలి. 22 గేజి 0.71, దాన్ని వేలాడదీసే కొక్కేలకే వాడాలి. కాలిపోయిన మోటారు నుంచి తీసిన పాత తీగ చవకగా వస్తుంది, కానీ దాని పూత మాడిపోయి ఉంటుంది. పూత ఎందుకు ముఖ్యమో కిందికి వచ్చాక చెప్తాను.

ఐదు సెంటీమీటర్ల ముక్కలుగా తీగ ముందే కోసి పెట్టుకోవాలి. రెండు పట్టీల చిల్లుల్లోంచి దూర్చి, రెండు కొసలూ వెనక్కి తెచ్చి, రెండు మెలికలు, మహా అయితే మూడు. ఇంకా తిప్పుతూ పోతే రాగి బిరుసెక్కి పుటుక్కున తెగొచ్చు. మెలి తిప్పే ముందు రెండు పట్టీల మధ్య అగరబత్తి పుల్ల ఒకటి పెట్టండి. మసాలా కాలిపోగా మిగిలే వెదురు పుల్ల. మెలి పూర్తయ్యాక పుల్ల లాగెయ్యండి. మిగిలిన సందే ఆ ముడి వదులు. వేలితో అంచనా వేసి వదిలితే ఒక ముడి మిల్లీమీటరు, ఇంకోటి మూడు, అలా తయారవుతుంది. కొసలు కత్తిరించి వెనక్కి మడిచి అణచాలి, లేదంటే మడత పెట్టినప్పుడు తమలో తాము చిక్కుకుంటాయి.

లెక్కలోకి వద్దాం. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ముక్కకి, సందులతో కలిపి, 285 పట్టీలు పడతాయి. చినిగేవీ వంకరపోయేవీ కలుపుకుని 330 మూతలు పెట్టుకోండి. పట్టీకి ఎనిమిది చిల్లులు, ఒక్కో ముడి రెండు పట్టీలకి ఉమ్మడి, కాబట్టి పట్టీకి నాలుగు ముడుల చొప్పున 1,140 ముడులు, ముడికి ఐదు సెంటీమీటర్లు అంటే 57 మీటర్ల తీగ. 26 గేజిలో అది 85 గ్రాములు కూడా ఉండదు, వంద గ్రాములు కొంటే మిగులుతుంది. చిల్లులు 2,280. పూర్తయిన ముక్క మొత్తం పావు కిలోకి కాస్త పైన, అంతే. చేతిలోకి తీసుకున్నవాళ్లు ఆశ్చర్యపోయేది దీనికే. కంటికి ఇనుప కవచంలా ఉంటుంది, చేతికి తువ్వాలు బరువు. టైము మాత్రం తువ్వాలుది కాదు: ముడికి నిమిషం చొప్పున వేసుకున్నా ముడులకే 19 గంటలు. కోతకీ చిల్లులకీ ఇంకో పదీ పన్నెండు.

ఇదే లెక్కని పెద్దది చేసి చూస్తే ఆయన వర్క్‌షాపు ఎందుకలా ఉంటుందో అర్థమవుతుంది. 2013లో లండన్‌లో రాయల్ అకాడమీ అనే కళాసంస్థ భవనం ముఖం మీద వేసిన 'ట్సియాట్సియా' దాదాపు 15 మీటర్ల ఎత్తు, 25 మీటర్ల వెడల్పు. అందులో మూతలతో పాటు అచ్చు ప్లేట్లు, కప్పు రేకులు కూడా ఉన్నాయి. మన లెక్కన చదరపు మీటరుకి 760 పట్టీలు, 3,000 ముడులు. ఒక్క మనిషి జీవితంలో అయ్యే పని కాదు. ఆయన వర్క్‌షాపులో డజన్లకొద్దీ కుర్రాళ్లు ముక్కలు ముక్కలుగా కడతారు. ఒక్కో ముక్క ఒక రకం, ఒక రంగు, ఒక అల్లిక. ఆ ముక్కల్ని నేల మీద పరిచి, పైనుంచి చూస్తూ, ఫొటోలు తీసుకుంటూ, జరుపుతూ, తిప్పుతూ ఆయన కూర్పు చేస్తారు. ముందే గీసిన బొమ్మ ఉండదు. కుదిరాక ముక్కల్ని ఒకదానితో ఒకటి కుట్టేస్తారు.

పది చేతులు కట్టిన ముక్కల్లో ఒక ఇబ్బంది ఉంది. ప్రతి చేతికీ బిగింపు వేరు. ఒకరు ముడి గట్టిగా వేస్తారు, ఇంకొకరు వదులుగా. ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన కుడితే అతుకు దగ్గర వదులు ముక్క కుచ్చెత్తి ఉబ్బుతుంది, బిగువు ముక్క బల్లలా నిలబడుతుంది. అనాట్సుయ్ స్థాయిలో అది అందంగా మారుతుందేమో కానీ, రెండడుగుల ముక్కలో కుట్టు తప్పిన జాకెట్టులా కనిపిస్తుంది. నలుగురు కలిసి చేసేటప్పుడు అందరికీ ఒకే పాకెట్‌లోని అగరబత్తి పుల్లలు ఇవ్వండి. గంటకోసారి చోట్లు మారండి. తేడా పోదు, కానీ ముక్కంతా పరుచుకుంటుంది, ఒకచోట గడ్డకట్టదు.

మడత ఎటు పడాలో పట్టీ పెట్టిన దిక్కే నిర్ణయిస్తుంది. చెయ్యబోయేవాళ్లకి ఇదొక్కటి తెలిస్తే సగం పని తెలిసినట్టే. పట్టీకీ పట్టీకీ మధ్య ముడుల వరస తలుపు బందులాంటిది. పొడవు అంచు వెంబడి తిరుగుతుంది. అంటే మడత గీత పట్టీ పొడవు దిక్కున పడుతుంది, ప్రతి 15 మిల్లీమీటర్లకీ ఒక బందు ఉంటుంది కాబట్టి మెత్తగా పడుతుంది. అడ్డదిక్కున అయితే 87 మిల్లీమీటర్లకి ఒక్క బందు. కిటికీ పరదాలా నిలువు కుచ్చిళ్లు కావాలంటే పట్టీలు నిలువుగా పెట్టాలి. చీర కొంగు భుజం మీంచి జారినట్టు అడ్డంగా తరగలు పడాలంటే పట్టీలు అడ్డంగా. ఇటుక గోడలా ఒక వరస సందు మీద పై వరస పట్టీ వచ్చేలా కడితే అడ్డదిక్కు మడత అసలే పడదు, ఎందుకంటే ప్రతి సందునీ పై పట్టీ బిగించి పట్టుకుంటుంది. గట్టిగా నిలబడాల్సిన భాగానికి అది మంచిదే. తెలియక ముక్కంతా అలా కట్టి, 'ఇది ముడుచుకోదేంటి' అని తల పట్టుకోవడం మామూలు. ఆయన పెద్ద పనుల దగ్గరి ఫొటోలు చూడండి. ఒకచోట పట్టీలు అడ్డం, పక్కనే నిలువు. రంగుల కోసం మాత్రమే అలా పెట్టారనుకుంటాం. మడతల్ని కూడా అవే నడిపిస్తాయి.

ఈ అడ్డం నిలువు గళ్లు చూసి అందరూ కెంటే బట్ట గుర్తు చేసుకుంటారు. ఘనాలో ఎవే, అసాంటే తెగలవాళ్లు నేసే కెంటేలో నాలుగంగుళాల సన్నటి పట్టీలు విడివిడిగా నేసి, పక్కపక్కన కుట్టి పెద్ద బట్ట చేస్తారు. ఆయన కుటుంబంలో కెంటే నేసేవాళ్లున్నారు కాబట్టి పోలిక తప్పేం కాదు. పని పద్ధతి వరకే చూస్తే మన ఇళ్లలో పాత చీరలతో కుట్టే బొంత కూడా దీనికి చుట్టమే: ముక్కలు ఎవరివో, రంగులు ఎక్కడివో, కుట్టు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకటే.

మూతల మీద పేర్లు కూడా ఊరికే లేవు. యూరప్ వర్తకులు పశ్చిమ ఆఫ్రికా తీరానికి తెచ్చిన సరుకుల్లో మద్యం ముఖ్యమైనది. దాని బదులు పట్టుకెళ్లినవాటిలో మనుషులూ ఉన్నారు. వాళ్లని అమెరికా వైపు చెరకు తోటలకు తోలారు, ఆ చెరకుతో కాచిన రమ్ము మళ్లీ సముద్రం దాటింది. ఎన్సుకా చుట్టుపక్కల తాగి పారేసిన మూతల మీద 'డార్క్ సెయిలర్' అని ఉంటుంది. 'ఎకోమాగ్' అని ఉంటుంది, అది పశ్చిమ ఆఫ్రికా దేశాల శాంతి సేన పేరు. 'బకాసీ' అని ఉంటుంది, అది నైజీరియా, కామెరూన్ కొట్లాడుకున్న భూమి పేరు. ఈ పేర్లేవీ ఆయన రాసినవి కావు. కంపెనీవాళ్లు అచ్చేసి ఇచ్చారు. కొన్ని అడుగుల దూరంలో నిలబడితే బంగారు బట్ట, ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్తే సారా కొట్టు బోర్డులు. మనవాళ్లు ఇక్కడ చేస్తే మన మూతల మీది పేర్లు మన కథే చెప్తాయి. ఎండకు వెలిసిన రాజుల పేర్లు, ఇంగ్లీషు దొరల పేర్లు.

మూతల సేకరణ గురించి ఒక హెచ్చరిక. వాడిన, వంతెనలు తెగిన మూతలే తీసుకోండి. పాత సామాన్ల కొట్టులో చెప్పి పెడితే బార్ల నుంచి వచ్చే సంచుల్లోంచి ఏరి ఇస్తారు. తెగని కొత్త మూతలు బస్తాల్లో ఎవరైనా చవగ్గా ఇస్తామంటే దూరంగా ఉండండి. కల్తీ మద్యం కేసుల్లో పోలీసులు ముందు పట్టుకునేవి మూతలూ లేబుళ్లే. ఇది శిల్పానికండీ అని అక్కడ ఎంత చెప్పినా ఎవరికి ఎక్కుతుంది.

వేలాడదీయడం. ముక్క ఎంత వెడల్పో అంత వెడల్పు గోడ మీద పరిస్తే మడత ఉండదు, ఉత్త రేకు పలక. గోడ మీద నాలుగడుగులు నిండాలంటే ఆరడుగుల ముక్క కావాలి. పై వరస వెంబడి జానెడుకో మేకు. ఒకే మేకుకి తగిలిస్తే బరువంతా ఆ ఒక్క చిల్లు మీద పడి అక్కడి నుంచి ముక్క గరాటులా జారుతుంది. రెండో మూడో ముడులు తెగితే మిగతావి వాటంతటవే విప్పుకుంటాయి. పై వరస ముడులు కింది బరువు మొత్తం మోస్తాయి కాబట్టి ఆరడుగుల కంటే పొడవైతే పై రెండు వరసలకీ 24 గేజి వేసి, అక్కడ మాత్రం అగరబత్తి పుల్ల లేకుండా బిగించండి. కుచ్చిళ్లు గోడ మీద పెట్టేటప్పుడు పైనుంచి కిందికి కాదు, మధ్య నుంచి రెండు పక్కలకీ సర్దాలి.

మ్యూజియాలకు ఇది మొదట్లో వింతగానే ఉండాలి. శిల్పం అంటే ఇలాగే ఉండాలి అని కొలతలతో వస్తుంది కదా. అనాట్సుయ్ పనులు మడిచి పెట్టెల్లో వెళ్తాయి. విప్పి, ఎక్కడ ఉబ్బాలో ఎక్కడ జారాలో వేలాడదీసేవాళ్లే తేల్చుకోవచ్చని ఆయన వదిలేస్తారు. అందుకే ఒకే పని రెండు ఊళ్లలో రెండు రకాలుగా కనిపిస్తుంది. ఈ స్వేచ్ఛ ఇవ్వడం పెద్ద మనసు అని కొందరు అంటారు. నాకు మాత్రం ఇది ముడి నుంచే వచ్చిందనిపిస్తుంది. 3,000 ముడులూ వదులుగా పెట్టాక ఒక్క ఆకారానికి కట్టెయ్యడం ఎవరి తరం?

2023 అక్టోబరు నుంచి 2024 ఏప్రిల్ దాకా లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలోని టర్బైన్ హాల్లో ఉన్న 'బిహైండ్ ద రెడ్ మూన్' ఈ పద్ధతికి పరాకాష్ఠ. మూడు భాగాలు. ముందు తెరచాపలా ఉబ్బిన ఎర్రటి పరదా. మధ్యలో రింగులు, సన్నటి సీళ్ల వలతో చేసిన మనుషుల లాంటి ఆకారాలు, గాల్లో విడివిడిగా. ఒక చోట నిలబడి చూస్తే అవన్నీ కలిసి ఒక గుండ్రటి భూమి అవుతాయి, రెండడుగులు పక్కకి జరిగితే చెదిరిపోతాయి. చివర నేల దాకా జారి అలల్లా విరిగిన నల్లటి గోడ, దాని వెనక వైపు వెళ్తే వెండి, రంగుల ముక్కలు. వెనక వైపును కూడా చూపించడం నాకు బాగా నచ్చింది. మూత లోపలి వైపు చాలావరకు వెండే, పట్టీకి అది ఉచితంగా వచ్చే రెండో రంగు. ఒక పట్టీని తిప్పి కడితే చాలు.

తీగ పూత సంగతి. రాగీ అల్యూమినియమూ తగులుతూ, మధ్యలో తేమ చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. ఉప్పుగాలి ఉంటే మరీను. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల చిల్లుల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. పొడి వచ్చిందంటే చిల్లు పెద్దదవుతోంది. మూత మీది రంగు పూత, తీగ మీది ఎనామెల్ పూత రెండూ మధ్యలో అడ్డుగా ఉంటాయి, కాబట్టి తీగను బ్లేడుతో గీకి మెరిపించడం లాంటివి చెయ్యొద్దు. రాగి చెంబు తోమినట్టు చింతపండుతో అసలే తోమొద్దు, పులుపు చిల్లుల్లో చేరి అక్కడే ఉండిపోతుంది. మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపితే సరి. వంటగది గోడ, బాల్కనీ, నేరుగా ఎండ పడే చోటు వద్దు. మూతల మీద ఎరుపు ముందు వెలుస్తుంది, బంగారు రంగు తర్వాత. ఫ్యాను గాలి నేరుగా తగిలే చోట గలగలమంటూ బాగానే ఉంటుంది, ముడులు మాత్రం త్వరగా అరుగుతాయి.

దాచాల్సి వస్తే పాత నూలు చీర ఒకటి పరిచి, ముక్కను దాని మీద వేసి, రెండింటినీ కలిపి మడవాలి. మడత పట్టీ పొడవు దిక్కునే ఉండాలి, అడ్డదిక్కున మడిస్తే పట్టీ మధ్యలో విరిగి గీత పడుతుంది. ఒకసారి గీత పడిన అల్యూమినియం తిప్పి సరిచేస్తే రెండోసారికి అక్కడే పగులుతుంది. ఆ పట్టీ తీసేసి కొత్తది కట్టడమే మేలు. ముడులు ఎనిమిదే కదా.

ఇంతా చేశాక 300 పైబిళ్లలు మిగులుతాయి. పారెయ్యొద్దు, ఒక్కోదానికి నాలుగు చిల్లులు పెడితే ఇంకో ముక్క, పొలుసుల అల్లిక. రింగులు మాత్రం మూతల సంచిలో దొరకవు, అవి సీసాల మెడలకే ఉంటాయి. సీసాలు కొనేవాళ్లని అడగండి, కడిగే ముందు ఎలాగూ వాటిని తీసెయ్యాలి. తీసేటప్పుడు ఒక్కచోటే తెంపమని చెప్పండి. రెండుచోట్ల తెగిన రింగు వలకు పనికిరాదు.